పొద్దున్న ఆడని మిషన్

నా నోరు మంచిది కాదని అల్లవరం సెంటర్లో ఎవరినడిగినా చెబుతారు. చెప్పనివ్వండి. ఇరవై రెండేళ్ళుగా మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. లైనింగు గుడ్డ రంగు వెలుస్తుందా వెలవదా అని ముప్పైసార్లు అడిగి, చివరికి మీటరు బదులు ముప్పావు మీటరు కొనేవాళ్ళతో మెత్తగా మాట్లాడితే కొట్టు సాగదు. కానీ ఒక్క మాట మాత్రం ఎక్కడైనా నిలబడి చెబుతాను. మా పక్క కొట్టు చిన్నమ్మలు లాంటి పనిమంతురాలు ఈ చుట్టుపక్కల లేదు.

చిన్నమ్మలుకి నలభై నాలుగేళ్ళు. మనిషి పొట్టి, మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. జాకెట్లు కుడుతుంది, వాటి మీద మగ్గం పని చేస్తుంది. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, సన్నటి సూదితో జరీ, పూసలు కుట్టే పనినే మగ్గం పని అంటారు. ఇప్పుడు మా వైపు పెళ్ళంటే పెళ్ళికూతురికే కాదు, పెళ్ళికూతురి మేనత్త తోటికోడలికి కూడా మగ్గం జాకెట్ ఉండాల్సిందే. రొయ్యల చెరువు కలిసొచ్చిన ఏడు చేతుల మీద నెమళ్ళు దిగుతాయి, కలిసిరాని ఏడు ఉత్త అంచుతో సరిపెట్టుకుంటారు. నెమలైనా అంచైనా చిన్నమ్మలు చేతిలోనే పడాలి.

ఆవిడకో అలవాటుంది. ఎవరు ఏ కుట్టు పని తెచ్చి చూపించినా ముందు వైపు చూడదు. గుడ్డ తిరగేసి వెనక వైపు చూస్తుంది. దారాలు చిందరవందరగా ఉన్నాయా, ముడులు ఎక్కడ పడ్డాయి, అది చూస్తుంది.

"ముందు వైపు ఎవరైనా మాయ చేస్తారు వదినగారూ. వెనక వైపు మాయ చెయ్యలేరండి," అంటుంది.

అలాంటి మనిషి చెయ్యి పోయిన ఏడాది మొరాయించింది. కుడిచేతి వేళ్ళు మొద్దుబారాయి. ఒకరోజు పెళ్ళివారి గంధం రంగు పట్టు మీద కుడుతూ సూది గుచ్చుకున్నా తెలియలేదు. పట్టు మీద నెత్తురు బొట్టు చూశాకే తెలిసింది. అమలాపురంలో డాక్టరు మణికట్టు దగ్గర నరం నలిగిందన్నాడు. ఇకమీదట మగ్గం ముందు కూర్చుంటే చెయ్యి పూర్తిగా పోతుందన్నాడు. ఆ మాట విని నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

"కంప్యూటర్ మిషన్ కొంటానండి," అంది.

నేను తెల్లబోయాను. డిజైను పెన్‌డ్రైవులో పెట్టి మీట నొక్కితే దానంతటదే పువ్వులు, లతలు కుట్టే మిషన్ అది. జాకెట్ కూడా దాని మీదే కుట్టుకోవచ్చు. నిన్నటిదాకా దాన్ని "మీట నొక్కుడు పని" అని తీసిపారేసిన మనిషే ఈవిడ.

"తీసిపారేశానండి. చెయ్యి బాగున్నప్పుడు ఎన్నైనా అంటామండి," అంది నవ్వుతూ.

కొత్తది లక్ష దాటుతుంది. చీటీ పాడిన డబ్బు ఆవిడ దగ్గర ఉన్నది ముప్పై ఐదు వేలు. భర్త దుర్గాప్రసాద్ రొయ్యల చెరువు మీద మేత వేసే పనిలో ఉన్నాడు. ఆ జీతం ఇంటికి చాలుతుంది గానీ మిషన్లకు చాలదు. కాబట్టి వాడినదే కొనాలి. అదీ మాఘమాసం ముహూర్తాల లోపు కొనాలి. ఆ ముహూర్తాల పని అందకపోతే వచ్చినవాళ్ళు అమలాపురం అలవాటు పడతారు, ఇక తిరిగి రారు. కొట్టు కోసం సెల్‌ఫోన్ల కుర్రాడొకడు అప్పటికే ఓనరు చుట్టూ తిరుగుతున్నాడు.

"మాఘం లోపు మిషన్ రాకపోతే కొట్టు ఖాళీ చేసేస్తానండి. వస్తే మాత్రం ఇక్కడినుంచి నన్నెవరూ లేపలేరండి," అంది చిన్నమ్మలు. వస్తుందని ఆవిడ గొంతులోనే తెలుస్తోంది. నాకే నమ్మకం లేదు.

పుష్యమాసంలో ఫోన్లో ఒక ప్రకటన కనబడింది. రాజోలు దగ్గర ఒకావిడ కంప్యూటర్ మిషన్ అమ్ముతోంది, ముప్పై వేలు. మర్నాడు తెల్లారగట్లే సత్యదుర్గారావు ట్రాలీ ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. బోడసకుర్రు వంతెన మీద మంచుకి ఎదర ఏముందో కనబడలేదు. నేను రెండు శాలువాలు కప్పుకుని తిట్టుకుంటూ కూర్చున్నాను. చిన్నమ్మలు ఒళ్ళో సంచీలో తన గుడ్డ ముక్కలు, తన దారపు రీళ్ళు పెట్టుకుంది. అమ్మేవాళ్ళు చూపించే నమూనా చూసి మోసపోయే రకం కాదు.

అమ్మే ఆవిడ పేరు శారోన్. ముప్పై ఏళ్ళుంటాయేమో, సన్నగా, చలాకీగా ఉంది. మేం కూర్చోకముందే ఉన్నదంతా చెప్పేసింది.

"ముందే చెప్పేస్తున్నానండి. ఇది పొద్దున్న ఆడదండి. గుర్రుమని ఆగిపోయి స్క్రీన్ మీద ఎర్ర గుర్తు వస్తాదండి. ఎండెక్కేక కాసేపు ఆడుద్దండి. పోయిన వేసంగిలో కొన్నప్పుడు గుర్రంలా పరిగెట్టిందండి. కార్తీకం దాటేక మొండికేసిందండి. మెకానిక్కి చూపిత్తే లోపల బోర్డు పోయిందన్నాడండి. కొత్త బోర్డు నలభై వేలంటండి. నాకంత తాహతు లేదండి."

"ఆయ్," అంది చిన్నమ్మలు.

మిషన్ దగ్గరికి వెళ్ళింది. స్విచ్ వెయ్యలేదు. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది! శారోన్ నా వైపు వింతగా చూసింది. నాకు ఆ సంగతి తెలుసు గనక వింతనిపించలేదు.

చిన్నమ్మలుకి పదిహేనేళ్ళప్పుడు వాళ్ళమ్మ పాత తొక్కుడు మిషన్ కొనిపెట్టింది. ముచ్చటపడి, కూతురి తలకి రాసే కొబ్బరినూనే దానికీ పోసింది. "నీ తలకి మంచిదైంది దానికి మంచిది కాదేటే?" అందట. ధనుర్మాసం చలికి లోపల నూనె గడ్డకట్టి చక్రం తిరగలేదు. చిన్నమ్మలు రెండు రోజులు కూర్చుని, ప్రతి మర ఊడదీసి, కిరసనాయిలుతో తుడిచి బాగుచేసుకుంది. అప్పటినుంచీ ఏ మిషన్ ముట్టుకున్నా ముందు వాసన చూస్తుంది. మా సీమలో తలుపు కిర్రుమన్నా కొబ్బరినూనే, సైకిలు చైను బిగిసినా కొబ్బరినూనే, పిల్లాడికి ఒళ్ళు పేలినా కొబ్బరినూనే. చెట్టు పెరట్లో ఉండగా సీసా కొనడం ఎవరికి తోస్తుంది?

సూది కింద రేకు తీసి చిన్నమ్మలు లోపల వేలు పెట్టింది. వేలి కొనకి తెల్లగా, మైనంలా ఏదో అంటుకుంది.

"దీనికి నూనె ఏం పోస్తావమ్మా?" అంది మామూలుగా.

"మంచి నూనేనండి! మా అత్తగారు గానుగలో ఆడించి తెచ్చేరండి. రోజూ పొద్దున్న ప్రార్థన చేసుకుని రెండు చుక్కలు పోసేదాన్నండి. ఆడకపోయేసరికి నాలుగు చుక్కలు చేసేనండి," అంది శారోన్.

నాకు అర్థమైపోయింది. బోర్డు పోలేదు, ఏమీ పోలేదు! లక్ష పైన పెట్టిన మిషన్ ముప్పై వేలకు మా ఒళ్ళో పడబోతోంది. ఆటో గుమ్మంలో ఉంది. తీసుకెళ్ళి తుడుచుకోవడమే తరువాయి.

చిన్నమ్మలు మిషన్‌ని అరుగు మీదికి, ఎండలోకి పట్టించింది. ఎండ ఎక్కేలోగా శారోన్ కాఫీ ఇచ్చి తన సంగతి చెప్పింది. కువైట్‌లో ఒకరింట్లో ఆరేళ్ళు వంట చేసింది. తిరిగొచ్చిన రోజు కూతురు గుమ్మంలో నిలబడి, "నాన్నమ్మా, ఎవరో ఆంటీ వచ్చేరు" అందట. ఇక వెళ్ళనని ఒట్టు పెట్టుకుని, తెచ్చిన డబ్బంతా ఈ మిషన్ మీద పెట్టింది. ఇప్పుడు మిషన్ పోయింది. అందుకే పాస్‌పోర్టు మళ్ళీ ఏజెంటు చేతికిచ్చింది. వచ్చే నెల ప్రయాణం.

చిన్నమ్మలు నోరు తెరవబోతోందని నాకు తెలిసిపోయింది. పక్కనే కూర్చున్నాను గదా, శాలువా చాటున ఆవిడ కుడిచేతిని పట్టుకుని గట్టిగా గిల్లాను. చిన్నగా కాదు, గోళ్ళు దిగేలా గిల్లాను. ఎందుకు గిల్లానంటే, నాకు కనబడింది ఒక్కటే. మాఘమాసం వస్తోంది, పక్క కొట్టు ఖాళీ అవుతోంది. పరాయి పిల్ల కష్టం మీద నాకు జాలి లేక కాదు, ఉంది. మా చిన్నమ్మలు మీద అంతకన్నా ఎక్కువ ఉంది.

ఆవిడ కదల్లేదు. నా వైపు చూడనైనా లేదు. ఆ చెయ్యి మొద్దుబారిందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి నన్ను నేను తిట్టుకున్నాను. ఎడంచెయ్యి గిల్లి ఉండాల్సింది!

"శారోనూ, నీ బోర్డు పోలేదమ్మా," అంది చిన్నమ్మలు. "నువ్వు పోసింది కొబ్బరినూనె. చలికి గడ్డకట్టి లోపల పట్టేసింది. మధ్యాహ్నం కరుగుద్ది, అందుకే ఆడుద్ది. తుడిచి మిషన్ నూనె పోస్తే నీకు పదేళ్ళు ఆడుద్ది."

శారోన్ నమ్మలేదు. ఎండ బాగా ఎక్కాక చిన్నమ్మలు తన గుడ్డ బిగించి, తన దారం ఎక్కించి మీట నొక్కింది. మిషన్ ఒకసారి మూలిగింది, తర్వాత అందుకుంది. గులాబీ రేకులు ఒక్కొక్కటే పడ్డాయి. అయ్యాక గుడ్డ తిరగేసి వెనక చూసింది. "చాలా బాగుంది," అంది. ఆవిడ నోట ఆ మాట రావడం ఎంత అరుదో నాకు తెలుసు.

శారోన్ మిషన్ని రెండు చేతులా పట్టుకుని ఏడ్చేసింది. "నేను అమ్మనండి. ఏమనుకోకండి, నేను అమ్మలేనండి," అంది.

"అమ్మద్దమ్మా. కిరసనాయిలు ఉందా ఇంట్లో?" అంది చిన్నమ్మలు.

తాను దూర కంత లేదు, మెడకో డోలు! కొనడానికి వచ్చిన మనిషి చీర బొడ్లో దోపుకుని, అమ్మే మనిషి మిషన్‌ని మూడు గంటలు తుడిచింది. వైర్ల వైపు తడి తగలకుండా పాత బనీను గుడ్డతో, పళ్ళు తోముకునే బ్రష్‌తో సందు సందూ గోకింది. శారోన్‌కి చూపిస్తూ చేసింది. తన సంచీలో తెచ్చుకున్న మిషన్ నూనె డబ్బా కూడా అక్కడే వదిలేసి వచ్చింది.

ఖాళీ ట్రాలీ వెనక్కి వస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. వంతెన దాటేదాకా పళ్ళు బిగించుకున్నాను. దాటాక నా వల్ల కాలేదు.

"నోటిదాకా వచ్చిన కూడు నేలపాలు చేశావు గదే! ఆ పిల్ల ముప్పై వేలంది, నువ్వు ముప్పై వేలిస్తావు. అందులో మోసమేముంది? మెకానిక్ చెప్పింది ఆవిడ నమ్మితే అది నీ తప్పా?"

"కాదండి."

"మరి?"

"రోజూ పొద్దున్నే ఆ మిషన్ ముందు కూర్చోవాల్సింది నేనండి వదినగారూ. పక్క కొట్టులో మీకు ఆ పని వెనక వైపు కనబడదు గానీ, నాకు కనబడుద్దండి." తనే నవ్వింది. "అయినా కోనసీమలో మిషన్‌కి కొబ్బరినూనె పోసింది ఈ పిల్ల ఒక్కతే అంటారా?"

సత్యదుర్గారావు బండి నెమ్మది చేశాడు. "మా బావమరిది మిషన్ కూడా పొద్దున్న ఆడదండోయ్!" అన్నాడు. అది కంప్యూటర్ మిషన్ కాదు, గడ్డి కోసే మిషన్. సరే, అది వేరే సంగతి.

కోపమొచ్చినా బుర్ర పనిచేస్తుంది నాకు. నా మ్యాచింగ్ సెంటర్ వాట్సాప్ గ్రూపులో ఈ చుట్టుపక్కల దర్జీలు నాలుగు వందల మంది ఉన్నారు. ఆ సాయంత్రమే అందులో రాశాను. "మీ కంప్యూటర్ మిషన్ పొద్దున్న ఆడక మధ్యాహ్నం ఆడుతుంటే అల్లవరం చిన్నమ్మలు గారిని అడగండి. అమ్మే ఉద్దేశం ఉంటే ఇంకా మంచిది." రెండు రోజుల్లో ఐదు ఫోన్లు వచ్చాయి. కొత్తపేట నుంచి రెండు, రామచంద్రపురం నుంచి రెండు. ఆ నలుగురికీ ఫోన్లోనే విరుగుడు చెప్పేసింది. చెప్పగానే అందరి మిషన్లూ బాగుపడ్డాయి, ఎవరూ అమ్మలేదు. నేను తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

ఐదో ఫోను అంబాజీపేట నుంచి. మంగరాజు గారని, ఎండుకొబ్బరి వ్యాపారి. కొట్టు వెనకే నూనె గానుగ. భార్య వీరాయమ్మ గారు సరదాపడితే మిషన్ కొనిచ్చాడు. ఆవిడ నాలుగు దిండు గలీబులు కుట్టి సరదా తీర్చుకున్నారు. మేం వెళ్ళేసరికి గోడౌన్ ముందు లారీకి కాయ ఎత్తుతున్నారు. మంగరాజు గారు కుర్చీలో కూర్చుని మీసం దువ్వుతున్నాడు.

"పాతిక్కి ఇచ్చేత్తానమ్మా. ఎందుకూ పనికిరాకుండా పడుంది. పట్టుకుపో," అన్నాడు.

ఈసారి నేను గిల్లలేదు. గిల్లి లాభం లేదని తెలిసిపోయింది. చిన్నమ్మలు వాసన చూసింది, వేలు పెట్టింది, లేచి నిలబడింది.

"మిషన్ బాగానే ఉందండి. కొబ్బరినూనె పోసేరండి. అది గడ్డకట్టి ఆగిపోయిందండి. తుడిస్తే ఆడుద్దండి. ఇది తెలిసేక రేటు చెప్పండి."

మంగరాజు గారి మొహం ఎర్రబడింది. "ఏటీ? నా నూనె వల్ల మిషన్ పోయిందంటావా? మూడు తరాల గానుగ మాది! నా చేత్తో నేనే పోసేను!"

కాయ ఎత్తేవాళ్ళు ఆగి చూస్తున్నారు. నేను మెల్లగా గుమ్మం వైపు జరిగాను. చిన్నమ్మలు మాత్రం ఆయన కళ్ళలోకి చూస్తూ వేలు చాచింది. దాని కొన మీద తెల్లటి నూనె ముద్ద ఉంది.

"మీ నూనె మంచిది గనకే ఆగిందండి. చూడండి, ఎంత తెల్లగా పేరుకుందో. కల్తీ నూనె అయితే ఇంత గట్టిగా పేరుకోదండి. ఇప్పటికి ఎన్నో మిషన్లు చూసేను గానీ, ఇంత శుద్ధంగా గడ్డకట్టిన నూనె ఇదే చూడటమండి."

ఆయన వేలు చూశాడు. మనిషిని చూశాడు. అంతే, పెద్దగా నవ్వేశాడు. "విన్నారేట్రా!" అని లారీ దగ్గరవాళ్ళను కేకేశాడు. "కంప్యూటర్ని ఆపేసింది రా మన నూనె!" వీరాయమ్మ గారిని బయటికి పిలిచి మళ్ళీ చెప్పించాడు. పక్క కొట్టు ఆయన వస్తే ఆయనకీ చెప్పించాడు.

"మరి రేటండి?" అంది చిన్నమ్మలు.

"చెప్పేను గదమ్మా, పాతికే. మాటంటే మాటే. మా ఆవిడ ఎలాగూ ముట్టుకోదు," అని, ఐదు లీటర్ల నూనె డబ్బా కూడా ఆటోలో పెట్టించాడు. "తలకి రాసుకోండి. దానికి పొయ్యకండి!"

నేను వదరుబోతుని, ఆవిడ మితభాషి. అయినా ఏ మాట ఎక్కడ అనాలో ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి. నాకు ఆ రోజు ఆవిడ మీద అంత గర్వంగా అనిపించింది.

మాఘ శుద్ధ విదియ నాడు మిషన్‌కి పసుపు, కుంకుమ పెట్టి పని మొదలుపెట్టింది. మొదటి గుడ్డ నాదే. ముదురాకుపచ్చ జాకెట్ ముక్క, చేతుల మీదికి మామిడి పిందెలు. నేను స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. అప్పుడే ఫోన్ మోగింది. శారోన్. చిన్నమ్మలు చేతికి దారాలు తగులుకుని ఉంటే నేనే స్పీకర్ నొక్కాను.

"చిన్నమ్మలు గారండీ, అమలాపురం వచ్చేనండి. ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు వెనక్కి తెచ్చేసుకున్నానండి. పెళ్ళి జాకెట్లు పదకొండు వచ్చేయండి. మా పాప మిషన్ పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకుంటందండి. ఇప్పుడు 'అమ్మా' అంటందండి."

ఫోన్ పెట్టేశాక నేను కళ్ళు తుడుచుకున్నాను. సిగ్గేసింది కూడా. సిగ్గేస్తే నాకు ఊరికే ఉండడం చాతకాదు, నోరు లేస్తుంది.

"నీ చెయ్యి మొద్దుబారి ఉంది గనక సరిపోయింది. ఆ రోజు రాజోలులో నేను గిల్లిన గిల్లుడికి ఇంకొకరైతే కిక్కురుమనేవాళ్ళు కాదు. తెలియలేదు గనకే చెప్పేశావు," అన్నాను.

చిన్నమ్మలు డిజైను సరిచూసుకుంటోంది. తల ఎత్తలేదు.

"మొద్దుబారింది మూడు వేళ్ళేనండి వదినగారూ. మీరు గిల్లింది మణికట్టు పైనండి. నాలుగు రోజులు కమిలి ఉంది," అని మీట నొక్కింది.